బ్యాంకు కొలువు : బెంగుళూరు తెలుగువారి జమాఖర్చు

మన బెంగుళూరు తెలుగు కుటుంబములలో పిల్లలు చదువు ముగించి ఉద్యోగమునకు బయలుదేరునప్పుడు పెద్దలు అడుగు మొదటి ప్రశ్న "ఏ కంపెనీ?" అనునది, రెండవది "పెద్దదేనా?" అనునది. జీతమెంతయని అడుగుట మూడవ ప్రశ్న. అందులోను ఆ సంస్థ బ్యాంకో, బీమా కంపెనీయో, ధన వ్యవహారములు నడపు విదేశీ కంపెనీయో అయినచో ఇంటిల్లిపాదికిని ధైర్యము కలుగును. "పెద్ద చెట్టు నీడ చేరినాడు" అని బంధువులకు చెప్పుకొందురు.

ఈ నమ్మకమునకు ఒక చరిత్ర కలదు. ఆ చరిత్రలో జమ వైపు ఎన్ని పద్దులు కలవో ఖర్చు వైపునను అన్ని కలవు. మెట్రిక్యులేషను చదువుతో బ్యాంకులో చేరి, ఉద్యోగ జీవితమంతయు కౌంటరు వెనుక గుమాస్తాగా గడిపి విశ్రాంతి గొన్న నాకు, ఆ జమాఖర్చును ఒకచోట వ్రాసి మన సంఘ కుటుంబముల ముందుంచవలెనని చాలకాలముగా కోరిక. పండితులు వ్రాయు ఆర్థిక చరిత్రకును దీనికిని పోలిక లేదు; లెడ్జరు వ్రాసినవాని కంటికి కనబడిన చరిత్ర మాత్రమే ఇందు కలదు. అయినను ఇందుండి తేలు విషయ మొకటి కలదు. ఉద్యోగిని కాపాడునది సంస్థ యొక్క పెద్దతనము కాదు. ఆ సంస్థను కట్టివేసిన నియమము. ఈ రెంటిని మనము తరచు ఒకటిగా భావించుచున్నాము.

అంగడి గుమాస్తాగిరి

బెంగుళూరు పేటలో, అనగా నేటి అవెన్యూ రోడ్డు, చిక్కపేట, నగర్తపేట, బళేపేట ప్రాంతములలో, తెలుగు మాటలాడు వర్తకులు తరతరములుగా స్థిరపడియున్నారు. 1809 లో దండు ఏర్పడిన పిమ్మట మద్రాసు రాజధాని నుండి మరికొందరు తెలుగువారు సైన్యము వెంటను, దాని సరఫరా వ్యాపారముల వెంటను వచ్చి చేరిరి. చింతామణి, బాగేపల్లి, పావగడ వంటి తాలూకాల తెలుగు పల్లెల నుండి చదువుకొన్న పిల్లలు నగరమునకు వచ్చుట నేటికిని ఆగలేదు. బ్యాంకులు విస్తరింపక పూర్వము ఈ యువకులకు దొరకు లెక్కల ఉద్యోగము అంగడి గుమాస్తాగిరియే.

అంగడి గుమాస్తా చాపమీద కూర్చుండి, ఎదుట ఏటవాలు పెట్టె నుంచుకొని చిట్టా ఆవర్జాలు వ్రాసెడివాడు. తెలుగు వర్తకుల అంగళ్లలో ఆ లెక్కలు తెలుగులోనే ఉండెడివి. యజమాని తరచుగా బంధువో, ఊరివాడో అయి ఉండును. ఆడపిల్ల పెండ్లికి చేయూత నిచ్చును. పండుగకు బట్టలు పెట్టును. జబ్బు చేసినచో వైద్యుని పిలిపించును. ఇది జమ. ఇక ఖర్చు చూడుడు. సెలవు యజమాని దయ. జీతము పెరుగుట యజమాని దయ. అంగడి కొడుకుల చేతికి వచ్చిన పిమ్మట కొలువు నిలుచుట ఆ కొడుకుల దయ. ముప్పది ఏండ్లు లెక్కలు వ్రాసినవాడు చేయి వణకి ఇంటికి పోవునాడు వెంట తీసికొని పోవునది యజమాని ఇచ్చినంతయే. దయగల యజమానులు చాలమంది ఉండిరి. కాని దయను నమ్ముకొని బ్రతికినవాడు రాత్రి నిశ్చింతగా నిద్రపోజాలడు. అందుచేతనే బ్యాంకు ఉద్యోగము మన పెద్దల కంటికి మోక్షముగా కనబడెను.

పెద్దది కూలినప్పుడు

పెద్ద సంస్థ భద్రమైనదను నమ్మకమునకు దక్షిణ దేశములో తొలి పెద్ద దెబ్బ 1906 లో తగిలెను. మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ అను ఆంగ్లేయ సంస్థ ఉండెను. దాని పేరు చెప్పిన చాలును, నమ్మని వారు లేరు. ఉద్యోగులు, పింఛనుదారులు, వితంతువులు కూడబెట్టిన సొమ్మును దానిలో దాచుకొనిరి. 1906 అక్టోబరు 22 వ తేదీన అది తలుపులు మూసెను. దాని అధిపతి సర్ జార్జి ఆర్బత్‌నాట్‌కు న్యాయస్థానము పదునెనిమిది నెలల కఠిన శిక్ష విధించెను. శిక్ష పడినంత మాత్రమున దాచుకొన్నవారి సొమ్ము తిరిగిరాలేదు.

ఆ దెబ్బ నుండియే మన సొమ్ము మన బ్యాంకులలో ఉండవలెనను పట్టుదల పెరిగెను. మద్రాసులో 1907 లో ఇండియన్ బ్యాంకు వెలసెను. మైసూరు సంస్థానములో శ్రీ మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు దివానుగా నుండగా 1913 లో బ్యాంక్ ఆఫ్ మైసూరు స్థాపింపబడెను. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండము నుండి వలస వచ్చిన తెలుగువారని మనవారు గర్వముతో చెప్పుకొనుట కలదు. 1923 లో డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణములో ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. 1930 లో మన బెంగుళూరు నగరముననే వైశ్యా బ్యాంకు పుట్టెను. పేట వర్తకులు తమ సముదాయపు పొదుపును ఒకచోట చేర్చి నిలిపిన బ్యాంకది. తెలుగు ఇండ్ల పిల్లలకు అందులో కొలువు దొరకుట పెద్దలకు రెండు విధముల సంతోషము: బ్యాంకు ఉద్యోగమును దొరకెను, మనవారి నడుమ ఉండుటయు దొరకెను.

అయినను బ్యాంకు వెలసినంత మాత్రమున గుమాస్తా జీవితము మారిపోలేదు. ఆ కాలపు బ్యాంకులలో పనివేళలకు హద్దు లేదు. జీతములకు దేశమంతటను ఒక కొలమానము లేదు. చాప పోయి కుర్చీ వచ్చెను, ఆవర్జా పోయి లెడ్జరు వచ్చెను; దయ మాత్రము అక్కడనే ఉండెను.

శాస్త్రిగారి తీర్పు, గిరిగారి రాజీనామా

దయ స్థానమున నియమము వచ్చిన కథ మన తెలుగువారు ముఖ్యముగా తెలిసికొనదగినది. 1946 ఏప్రిలు 20 వ తేదీన కలకత్తాలో అఖిల భారత బ్యాంకు ఉద్యోగుల సంఘము ఏర్పడెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట బ్యాంకు తగాదాల విచారణకై కేంద్ర ప్రభుత్వము జస్టిస్ కె. సి. సేన్ అధ్యక్షతన ట్రిబ్యునలును నియమించెను. 1950 లో వెలువడిన ఆ తీర్పును, ట్రిబ్యునలు కూర్పులోని లోపమును బట్టి, సుప్రీం కోర్టు 1951 లో చెల్లదని కొట్టివేసెను. తరువాత శ్రీ పంచాపగేశ శాస్త్రిగారి అధ్యక్షతన మరియొక ట్రిబ్యునలు ఏర్పడి 1953 లో తీర్పు చెప్పెను. పాత బ్యాంకు ఉద్యోగులు నేటికిని "శాస్త్రి అవార్డు" అని భక్తితో తలచుకొనునది దీనినే.

ఆ తీర్పు ప్రకారము బ్యాంకు వ్యవహారముల పరిమాణమును బట్టి బ్యాంకులకు తరగతులును, జనసంఖ్యను బట్టి ఊళ్లకు తరగతులును ఏర్పడినవి. పెద్ద బ్యాంకులో, పెద్ద నగరములో పనిచేయువానికి జీతము హెచ్చు. చిన్న బ్యాంకులో, చిన్న ఊరిలో పనిచేయువానికి తక్కువ. ఒకే విధముగ లెడ్జరు వ్రాయు ఇద్దరి నడుమ ఈ భేదము ఉండుట న్యాయమా యని అడుగవచ్చును. కాని అది ఎంత హెచ్చో, ఎంత తక్కువయో కాగితము మీదకు వచ్చుట మాత్రము గొప్ప మార్పు. అన్నిటికంటె విలువైనది ఆ తీర్పులోని 521 వ పేరా. ఉద్యోగిపై తప్పు మోపవలెననిన వ్రాతమూలముగా ఆరోపణ పత్రము ఈయవలెను, విచారణ జరుపవలెను, అతని సమాధానమును వినవలెను. ఆ పిమ్మటనే శిక్ష.

తరువాత 1954 లో అప్పిలేటు ట్రిబ్యునలు తన తీర్పు నిచ్చెను. అది బ్యాంకులకు భారమగుననియు, చిన్న ఊళ్లలో బ్యాంకుల వ్యాప్తికి అడ్డు వచ్చుననియు తలచి కేంద్ర ప్రభుత్వము అదే సంవత్సరము దానిని మార్చెను. అప్పుడు కేంద్ర కార్మిక మంత్రిగా నున్నవారు శ్రీ వరాహగిరి వేంకటగిరిగారు. బరంపురములో 1894 లో జన్మించిన తెలుగువారు. రైల్వే కార్మికుల నడుమ జీవితము గడిపినవారు. న్యాయాధిపతులు ఇచ్చిన తీర్పును మంత్రివర్గము తగ్గించుట తమకు సమ్మతము కాదని వారు పదవికి రాజీనామా ఇచ్చిరి. బ్యాంకు గుమాస్తాల జీతము నిమిత్తము కేంద్ర మంత్రి పదవిని వదలుకొనుట సామాన్యము కాదు. ఆ కలకలము ఫలితముగా కమిషను విచారణ జరిగి, 1955 లో పార్లమెంటు చట్టము చేసి తగ్గించిన వానిలో చాలభాగమును ఉద్యోగులకు తిరిగి ఇచ్చెను.

ఇందొక విశేషము కలదు. గిరిగారికి ట్రిబ్యునళ్లయందు ప్రీతి లేదు. యజమానులును ఉద్యోగులును ఎదురెదుట కూర్చుండి మాటలాడుకొని ఒప్పందమునకు రావలెననియే వారి సిద్ధాంతము. అట్టివారు ఒక ట్రిబ్యునలు తీర్పును నిలుపుటకై పదవిని వదలిరి. తీర్పు రాకపూర్వము దానిని వద్దనవచ్చును; వచ్చిన పిమ్మట దానిని మీరరాదను నీతి వారిది. వారు కోరిన పద్ధతియే పండ్రెండేండ్లకు ఫలించెను. 1966 అక్టోబరు 19 వ తేదీన బ్యాంకుల సంఘమునకును ఉద్యోగుల సంఘములకును మొదటి ద్వైపాక్షిక ఒప్పందము జరిగెను. ఆనాడు గిరిగారు మైసూరు రాష్ట్ర గవర్నరుగా మన బెంగుళూరు రాజభవనములోనే ఉండిరి. 1969 జూలై 19 వ తేదీన 14 పెద్ద బ్యాంకులను జాతీయము చేసిన ఆర్డినెన్సుపై తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకము చేసినవారును వారే.

జమ వైపు

1969 లో 50 కోట్ల రూపాయలకు తక్కువ కాని డిపాజిట్లుగల 14 బ్యాంకులును, 1980 ఏప్రిలులో మరి 6 బ్యాంకులును ప్రభుత్వపరమైనవి. ఆంధ్రా బ్యాంకు ఈ రెండవ జాబితాలోనిది. వైశ్యా బ్యాంకు రెండుసార్లును ప్రైవేటుగానే నిలిచెను. బెంగుళూరులో కెనరా బ్యాంకు, విజయా బ్యాంకు, స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూరు, వైశ్యా బ్యాంకు అను నాలుగింటి ప్రధాన కార్యాలయములు ఉండుటచే మన పిల్లలకు కొలువులు ఊరు విడువకయే దొరకినవి.

ఆ దినములలో పెద్ద బ్యాంకు మన కుటుంబములకు ఇచ్చిన మేలును తక్కువచేసి చెప్పరాదు. ప్రవేశము పరీక్ష మూలముగా జరుగుటచే మామయ్య సిఫారసు లేనివానికిని తలుపు తెరచుకొనెను. మన ఇండ్ల ఆడపిల్లలు బడిపంతులమ్మ ఉద్యోగము గాక మరియొక గౌరవమైన ఉద్యోగము కలదని తెలిసికొనినది బ్యాంకు కౌంటరులోనే. జీతము నెలాఖరున తప్పక చేతికి వచ్చును. ధరలు పెరిగిన కరవు భత్యము పెరుగును. ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ, వైద్యపు ఖర్చు, ప్రయాణపు రాయితీ, తక్కువ వడ్డీకి ఇంటి అప్పు కలవు. రాజాజీనగరములోను, జయనగరములోను సొంత ఇల్లు కట్టుకొన్న మొదటి తరమువారిలో బ్యాంకు గుమాస్తాలు ఎందరో కలరు. అద్దె ఇంటిలో పుట్టి సొంత ఇంటిలో కన్నుమూయుట మనవంటివారికి చిన్న విషయము కాదు.

1993 లో జరిగిన ఒప్పందమును అనుసరించి 1995 లో పింఛను నిబంధనలు వచ్చెను. ఆనాడు చాలమంది ఏకమొత్తపు సొమ్ముపై ఆశతో పాత పద్ధతినే కోరుకొని, పిమ్మట విచారించిరి. 2010 నాటి ఒప్పందము వారికి మరియొక అవకాశ మిచ్చెను. అదే సంవత్సరము ఏప్రిలు 1 నుండి కొత్తగా చేరినవారికి మాత్రము ఆ పింఛను లేదు. వారి చందాతో నడచు కొత్త విధానము వచ్చెను. ఒకే బల్లయొద్ద కూర్చున్న తండ్రి వయస్సువానికిని కొడుకు వయస్సువానికిని ముసలితనపు ఆధారము వేరువేరు.

నియమము విలువ ఎట్టిదో నేను కన్నులార చూచితిని. నాతో పనిచేసిన గుమాస్తా ఒకనిపై సొమ్ము కాజేసినాడను అనుమానము వచ్చెను. శాఖలో అందరును తల త్రిప్పుకొనిరి. విచారణ జరిగి, పాత వోచర్లను అటక మీదినుండి దింపించి చూడగా సంతకము అతనిది కాదని తేలెను. అతడు మరల కొలువులో చేరెను. ఆగిన జీతమంతయు అతనికి వచ్చెను. పూర్వపు అంగడిలో అట్టి అనుమానము వచ్చినచో ఆ సాయంకాలమే అతని చెప్పులు వీధిలో ఉండెడివి. అతనిని కాపాడినది మేనేజరు మంచితనము కాదు, బ్యాంకు పెద్దతనమును కాదు. "సమాధానమును వినవలెను" అను ఒక్క వాక్యము.

ఖర్చు వైపు

ఇక రెండవ వైపు. లెడ్జర్లను చేతితో వ్రాసిన కాలములో జూన్, డిసెంబరు నెలాఖరులు వచ్చిన ఇంటిలో మాకు ముద్ద దిగెడిది కాదు. వేల ఖాతాలకు వడ్డీ కట్టి, ప్రతి లెడ్జరును సరిచూచి, అణాపైసలతో బ్యాలెన్సు కుదిరించువరకు ఇల్లు చేరుట లేదు. ఒక రూపాయి తేడా మూడు రాత్రులు తినును. క్యాషు కౌంటరులో సొమ్ము తగ్గినచో కూర్చున్నవాడే కట్టవలెను. 1983 ఒప్పందముతో యంత్రములు మెల్లగా ప్రవేశించి, తరువాతి ఒప్పందములతో శాఖలన్నిటను కంప్యూటర్లు వచ్చినవి. బ్యాలెన్సింగు బాధ తొలగెను. దానితో చక్కని దస్తూరికిని నోటిలెక్కకును ఉన్న విలువయు తొలగెను. 2000-2001 లో ప్రభుత్వ బ్యాంకులలో స్వచ్ఛంద విరమణ పథకము వచ్చినప్పుడు సుమారు లక్షమంది ఉద్యోగులు వెళ్లిపోయిరి. "స్వచ్ఛందము" అను మాటలో స్వేచ్ఛ ఎంతయో వెళ్లినవారికే తెలియును. 2016 నవంబరు 8 వ తేదీ రాత్రి పెద్ద నోట్లు రద్దయినప్పుడు నిర్ణయము ఢిల్లీలో జరిగెను. వీధి చివరివరకు సాగిన బారులకు సమాధానము చెప్పినది కౌంటరు గుమాస్తా.

రెండవ ఖర్చు బదిలీ. గుమాస్తాగా ఉన్నంతకాలము చాలవరకు రాష్ట్రము దాటనక్కరలేదు. అధికారిగా పైకి పోవలెననిన దేశమంతయు తిరుగవలెను. అందుచే తెలివిగలవారు సైతము ఎందరో ప్రమోషను కాగితమును మడిచి సొరుగులో పెట్టి జీవితమంతయు గుమాస్తాలుగానే ఉండిపోయిరి. ముసలి తల్లిదండ్రులు, పిల్లల చదువు, కట్టుచున్న ఇల్లు వారిని ఆపెను. పోయినవారు హోదా సంపాదించిరి; వారి పిల్లలు నాలుగు రాష్ట్రములలో నాలుగు భాషలు చదివి ఏ ఒక్కటియు పూర్తిగా నేర్వలేదు. ఎవరు లాభపడిరో చెప్పుట కష్టము.

మూడవ ఖర్చును మనము లెక్కలోనికి తీసికొనుట మరచితిమి. అంగడి గుమాస్తా తెలుగులో ఆవర్జా వ్రాసినాడు. అతని కుమారుడు బ్యాంకులో ఇంగ్లీషులో లెడ్జరు వ్రాసి, కన్నడములో ఖాతాదారునితో మాటలాడి, ఇంటికి వచ్చి తెలుగు మాటలాడినాడు. మనుమడు తెలుగు అర్థము చేసికొనును, చదువలేడు. ఈ నేల మనకు అన్నము పెట్టినది. కన్నడము మనకు రెండవ తల్లి. బ్యాంకు మన తెలుగును లాగికొనలేదు. తెలుగుతో చేయవలసిన పనిని మాత్రము లేకుండ చేసినది. జీవనోపాధితో ముడి తెగిన భాషను ఇంటిలో మనమే ప్రయత్నపూర్వకముగా నిలుపుకొనవలెను. ఆ పనిని మనము సంఘములకు అప్పగించి ఊరకుంటిమి.

మారిన పలకలు

ఇంత చేసియు, నమ్ముకొన్న పేరైనను నిలిచినదా? వైశ్యా బ్యాంకు కథ చూడుడు. 1996 లో బెల్జియము దేశపు బ్యాంకుతో పొత్తు కుదిరెను. ఆ బ్యాంకును డచ్చి సంస్థయగు ఐఎన్‌జీ తనలో కలుపుకొనెను. 2002 లో యాజమాన్యము ఐఎన్‌జీ చేతికి వచ్చి బ్యాంకు పేరు ఐఎన్‌జీ వైశ్యా అయ్యెను. 2015 ఏప్రిలు 1 వ తేదీన అది కోటక్ మహీంద్రా బ్యాంకులో లీనమై, 85 సంవత్సరముల పేరు పలక మీదినుండి తొలగెను. దానితో పుట్టిన జీవిత బీమా కంపెనీయు 2014 లో ఎక్సైడ్ లైఫ్‌గా మారి, 2022 లో హెచ్‌డీఎఫ్‌సీ లైఫ్‌లో కలిసిపోయెను.

ప్రభుత్వ బ్యాంకుల పేర్లకును ఇదే గతి పట్టెను. స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూరు 2017 లో భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసెను. విజయా బ్యాంకు 2019 లో బ్యాంక్ ఆఫ్ బరోడాలోను, ఆంధ్రా బ్యాంకు 2020 లో యూనియన్ బ్యాంకులోను కలిసినవి. పైన చెప్పిన నాలుగు బెంగుళూరు బ్యాంకులలో నేడు స్వంత పేరుతో నిలిచినది కెనరా బ్యాంకు ఒక్కటే. చిన్నది కూలునను భయముతో పెద్దదానిని కోరుకొంటిమి. పెద్దది మరింత పెద్దదానిలో కలిసిపోవునని తలచలేదు.

ప్రపంచమంతటను ఇదే పాఠము. ఇంగ్లండులో 1762 లో పుట్టిన బేరింగ్స్ బ్యాంకు, ఒక్క ఉద్యోగి జూదము వంటి వ్యాపారముచే 1995 లో కూలెను. దానిని ఒక్క పౌనుకు కొనినది మన వైశ్యా బ్యాంకునకు వచ్చిన ఆ ఐఎన్‌జీయే. 2008 సెప్టెంబరు 15 వ తేదీన 158 సంవత్సరముల అమెరికా సంస్థ లేమన్ బ్రదర్స్ దివాలా తీసెను. దానిలో సుమారు 25,000 మంది ఉద్యోగులు ఉండిరి. మరుసటి నెలలోనే ఆ ఐఎన్‌జీ సైతము డచ్చి ప్రభుత్వము నుండి 1,000 కోట్ల యూరోల సహాయము పొందవలసి వచ్చెను. అవెన్యూ రోడ్డులో బ్యాంకు పద్దు వ్రాయువాని భవిష్యత్తు ఆమ్‌స్టర్‌డాము నగరపు చావడిలో నిర్ణయమగునని పేట పెద్దలు 1930 లో కలనైనను తలచి ఉండరు.

నేటి పిల్లలు అడుగవలసినది

నేడు మన పిల్లలు విదేశీ ధనసంస్థల బెంగుళూరు కార్యాలయములలో చేరుచున్నారు. గోల్డ్‌మన్ శాక్స్ 2004 లో ఇచ్చట కార్యాలయము తెరచెను. అట్టివి నేడు అనేకము కలవు. జమ వైపు చూచిన, మేము ముప్పది ఏండ్లకు చూచిన జీతమును వారు మొదటి ఏడాదిలోనే చూచుచున్నారు. ప్రపంచపు మేటి పనివారితో కలిసి పనిచేయు విద్య వారికి అబ్బుచున్నది. ఊరు విడువకయే లండను, న్యూయార్కు వ్యవహారములు నేర్చుచున్నారు. ఇది నిజమైన లాభము. దీనిని చూచి మేము అసూయపడవలదు, భయపడను వలదు.

ఖర్చు వైపును చూడవలెను. 2021 లో అమెరికాలోని ఆ సంస్థలో కొత్తగా చేరిన కొందరు యువకులు తాము వారమునకు సగటున 95 గంటలు పనిచేయుచున్నామని తమ పై అధికారులకు మొరపెట్టుకొన్న వార్త లోకమంతయు చదివినది. బెంగుళూరులోను అవతలి దేశపు పగటివేళకు తగినట్లు మన పిల్లల రాత్రివేళ నడచుట కలదు. గుమాస్తా యను మాట వినబడదు. అందరికిని అధికారి పేర్లే. పేరు పెద్దదైనకొలదిని గుమాస్తాకు చట్టము ఇచ్చిన రక్షణ తగ్గిపోవును. 521 వ పేరా వారికి వర్తింపదు. ఉదయము వచ్చిన ఉత్తరముతో సాయంకాలమునకు కొలువు ముగియవచ్చును. జీతము పెద్ద బ్యాంకును మించినది. భద్రత మాత్రము పాత అంగడిని పోలినది. యజమాని బంధువు కానందున పెండ్లికి చేయూత నిచ్చు దయయు లేదు.

కావున పిల్లలకు "పెద్ద కంపెనీయా?" అను ప్రశ్న నేర్పుట చాలదు. నియమములు వ్రాతలో కలవా? పంపివేయునప్పుడు కారణము చెప్పుదురా, సమాధానము విందురా? ఎన్ని నెలల ముందు తెలుపుదురు? ప్రావిడెంటు ఫండు పేరు మీద సరిగా జమ యగుచున్నదా? రాత్రి ఇంటికి చేరువేళ ఏది? ఈ ప్రశ్నలను చేరకముందు అడుగుట అవిధేయత కాదు. నేను ఉద్యోగము చేసినన్నాళ్లు నా చొక్కా జేబులో సంఘపు సభ్యత్వ రసీదు ఉండెడిది. అడుగుటకు నాకు ధైర్యమిచ్చినది అది. మన పిల్లలకు అట్టి రసీదు లేదు. కావున వారి ధైర్యమునకు ఆధారము మూడు విషయములలో ఉండవలెను: చేతిలో ఎక్కడనైనను చెల్లు విద్య, ఒక ఏడాదికి సరిపడు పొదుపు, జీతము ఆగిన దినమున "ఏమి చేసితివిరా?" అని నిలదీయక "భోజనమునకు రమ్ము" అని పిలుచు ఇల్లు. మూడవది తల్లిదండ్రులమగు మన చేతిలోనిది.

బ్యాంకు కొలువు మన కుటుంబములను నిలబెట్టినది. దానికి కృతజ్ఞత చెల్లింపవలెను. అయితే కృతజ్ఞత పలక మీది పేరునకు గాక, ఆ పలక వెనుక నియమమును నిలిపినవారికి చెందవలెను: తీర్పు చెప్పిన న్యాయాధిపతులకు, దినసరి కూలి పోగొట్టుకొని సమ్మె చేసిన పేరు తెలియని గుమాస్తాలకు, పదవిని వదలిన బరంపురపు తెలుగు పెద్దమనిషికి. పలకలు మారిపోయినను వారు వ్రాయించిన వాక్యములు నేటికిని ఎందరో పింఛనుదారుల ఇండ్లలో అన్నమై ఉడుకుచున్నవి. మన మనుమలు పనిచేయు సంస్థలలో అట్టి వాక్యములు ఇంకను వ్రాయబడవలసియున్నవి. వానిని వ్రాయించువారిలో మన తెలుగు పిల్లలును ఉందురుగాక.